రాబడి అనుమానం, ఖర్చు ఖాయం
విమానాల పొగ, కార్బన్ క్రెడిట్ల పద్దు: స్మారకోపన్యాసం



మాస్టారి స్మారకార్థం జరిగే ఈ ఉపన్యాసానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు ఒకే మాట చెప్పారు: విషయం ఏదైనా తీసుకోండి, మాస్టారు ఉంటే శ్రద్ధగా వినేదిగా ఉండాలి అని. మాస్టారు జీవితమంతా కామర్స్ పాఠం చెప్పారు. జమాఖర్చుల పుస్తకం తెరిచిన ప్రతి విద్యార్థికీ ఆయన మొదట నేర్పిన నియమం ఆయన కనిపెట్టింది కాదు, లోకంలో అకౌంటెంట్లందరూ పాటించేదే. రావలసిన లాభాన్ని చేతికందేదాకా పుస్తకంలోకి ఎక్కించకూడదు. రాబోయే నష్టాన్ని మాత్రం కనబడిన రోజునే రాసెయ్యాలి. మొండి బాకీలన్నీ వసూలైనట్టే రాసుకుని, ఆ ధీమాతో మేడ కట్టిన వ్యాపారి గతి ఏమవుతుందో చూసిన అనుభవమే ఈ నియమం వెనక ఉంది.

వాతావరణ లెక్కల్లో, అందులోనూ విమానాల లెక్కలో, ఈ నియమం తలకిందులైంది. విమానం వదిలిన పొగ జరిగిపోయిన ఖర్చు. దాన్ని కిలోలతో సహా తూచవచ్చు. దానికి ఎదురుగా జమ వైపు రాసే కార్బన్ క్రెడిట్టు, ఎక్కడో ఎవరో వదలబోయి మానేశారని చెప్పే పొగ. అది అంచనా. ఖాయమైన ఖర్చునీ అంచనా రాబడినీ ఎదురెదురుగా రాసి, నిల్వ సున్నా అని గీత కొట్టడమే నేటి పద్ధతి. అంచనా రాబడికి డబ్బు ఇవ్వటంలో తప్పు లేదు, దానితో ఖర్చు చెల్లిపోయిందని రాయటంలోనే తప్పు ఉందన్నది ఈ సాయంత్రం నేను మీ ముందు పెట్టదలచుకున్న వాదన.

ఒక టికెట్టు వెనక ఉన్న పొగ

మన ఇళ్ళల్లో విమానం ఇప్పుడు వింత కాదు. కూతురి పురిటికి అమ్మ డల్లాస్ వెళుతుంది. మనవడి అన్నప్రాశనకు తాత చికాగో వెళతాడు. సంక్రాంతికి రాలేని పిల్లలు వేసవి సెలవుల్లో వస్తారు. కాబట్టి లెక్క మన ప్రయాణంతోనే మొదలుపెడదాం.

శంషాబాద్‌లో ఎక్కి దుబాయ్ మీదుగా చికాగో వెళ్ళే ప్రయాణాన్ని తీసుకోండి. దుబాయ్ నుంచి చికాగోకు 14, 15 గంటలు పడుతుంది. పెద్ద బోయింగ్ 777 ఆ దూరానికి సుమారు నూరు టన్నుల ఇంధనం కాలుస్తుంది. కిలో విమాన ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంటే ఐకావో, తన లెక్కలకు వాడే గుణకం. కాలిన ఇంధనం కంటే పొగ బరువు ఎక్కువ కావటమేమిటని అనుమానం రావచ్చు. ఇంధనంలోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకొని బయటికి వస్తుంది కనుక బరువు పెరుగుతుంది. నూరు టన్నుల ఇంధనానికి 316 టన్నుల పొగ. 350 మంది ప్రయాణికులుంటే తలకి 900 కిలోలు. అందులో కొంత కింది అరలోని సరుకు ఖాతాకు పోతుంది. హైదరాబాద్, దుబాయ్ మధ్య ముక్కనూ తిరుగు ప్రయాణాన్నీ కలిపితే మనిషికి రెండు టన్నుల దరిదాపుకు వస్తాం. సగటు భారతీయుడు ఏడాది పొడవునా వండుకున్న దానికి, వెలిగించిన దీపానికి, ఎక్కిన బస్సుకు, కొన్న సిమెంటుకు అన్నిటికీ కలిపి పడే పొగ కూడా సుమారు రెండు టన్నులే. మనవడిని చూసి వచ్చిన తాతగారు ఒక్క ప్రయాణంతో ఇంకో మనిషి సంవత్సరాన్ని వాడేశారన్నమాట.

ప్రపంచం మొత్తం మీద 2019లో విమానాలు దాదాపు 100 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలాయి. మనుషులు వదిలే మొత్తంలో ఇది రెండున్నర శాతం. చిన్న అంకెలా కనిపిస్తుంది కానీ, ఆ పొగ ఎవరిదో చూడాలి. గోస్లింగ్, హుంపె అనే పరిశోధకులు 2020లో ప్రచురించిన అంచనా ప్రకారం 2018లో ప్రపంచ జనాభాలో 11 శాతం మందే విమానం ఎక్కారు. ప్రయాణికుల విమానాల పొగలో సగం జనాభాలో ఒక్క శాతం మందిది. పైగా కార్బన్ డయాక్సైడ్ కథలో ఒక భాగమే. చలి ఆకాశంలో విమానం వెనక సాగే తెల్లటి చారలు, ఇంజిన్ వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా భూమిని వేడెక్కిస్తాయి. అన్నీ కలిపి చూస్తే విమానాల వల్ల కలిగే వేడిలో కార్బన్ డయాక్సైడ్ వాటా మూడో వంతేనని 2021లో వెలువడిన విస్తృత అధ్యయనం తేల్చింది. మనం ఇప్పుడు మాట్లాడుకోబోయే అంతర్జాతీయ పథకం ఆ మూడో వంతును మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది.

పవర్‌గూడ కానుగ నూనె

విమానం పొగకు పరిహారం చెల్లించటమన్నది మనకు దూరపు సంగతేమీ కాదు. దాని తొలి అధ్యాయాల్లో ఒకటి మన ఆదిలాబాద్ అడవుల్లో నడిచింది.

2003 అక్టోబరులో వాషింగ్టన్‌లో ప్రపంచ బ్యాంకు ఒక అంతర్జాతీయ సదస్సు జరిపింది. దేశదేశాల నుంచి వచ్చిన ప్రతినిధుల విమాన ప్రయాణాలకు, వాళ్ళు ఊళ్ళో తిరిగిన వాహనాలకు పరిహారంగా 147 టన్నుల కార్బన్ తగ్గింపును కొనింది. అమ్మినవాళ్ళు అప్పటి ఆదిలాబాద్ జిల్లాలోని పవర్‌గూడ అనే గోండు గూడెం మహిళా సంఘాలు. ముట్టిన సొమ్ము 645 డాలర్లు. టన్నుకు నాలుగు డాలర్ల పైచిలుకు, మొత్తం మీద నాటి మారకంలో ముప్పై వేల రూపాయల దగ్గర.

ఆ ఆడవాళ్ళు చేసిన పని స్పష్టంగా కంటికి కనిపించేది. కానుగ మొక్కలు నాటారు. కాయలు ఏరి, గింజ ఒలిచి, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇచ్చిన యంత్రంలో నూనె ఆడించారు. మిగిలిన చెక్క చేలకు ఎరువైంది. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వెన్నంటి ఉన్నారు. కానుగ నూనెను డీజిల్ బదులు వాడితే ఆ మేరకు డీజిల్ పొగ తగ్గుతుందన్నది క్రెడిట్టు వెనక ఉన్న లెక్క.

ఈ బేరాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. 147 టన్నులన్నది ఆ రోజు వరకు తగ్గిన పొగ కాదు. రాబోయే పదేళ్ళలో ఆ చెట్లు కాయబోయే కాయల నుంచి రాబోయే నూనె, కాల్చకుండా మిగలబోయే డీజిల్‌కు కట్టిన లెక్క. చెట్లు బతకాలి, కాయాలి, నూనె ఇంజన్లలో పడాలి. ఆ నూనె సబ్బుల తయారీకి మంచి ధరకు పోతే డీజిల్ డీజిల్‌గానే కాలుతుంది. వాషింగ్టన్‌లో దిగిన విమానాల పొగ మాత్రం ఆ అక్టోబరులోనే గాలిలో కలిసింది. అందులో చెప్పుకోదగ్గ భాగం వందల ఏళ్ళు, కొంత వేల ఏళ్ళు అక్కడే ఉంటుంది. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత పవర్‌గూడ ఆడవాళ్ళకు వర్తించదు. వాళ్ళు నిజంగా చెట్టు నాటారు, నిజంగా గింజ ఒలిచారు. ఆ సామెత వర్తించేది, సదస్సు పొగ మాఫీ అయిందని పుస్తకంలో రాసుకున్నవాళ్ళకు.

పవర్‌గూడకు ఆ డబ్బు అందటం మంచిదే. నిజానికి ఇంకా ఎక్కువ అందవలసింది. నేను తప్పు పట్టేది ఆ చెల్లింపును కాదు, రసీదు మీద రాసిన మాటను.

ఎవరి పుస్తకంలోనూ లేని పొగ

విమానయానం ఈ దారి ఎందుకు పట్టిందో తెలియాలంటే 1944కు వెళ్ళాలి. ఆ ఏడాది చికాగోలో కుదిరిన ఒప్పందం, విమానం ట్యాంకుల్లో ఉండి దేశంలోకి వచ్చిన ఇంధనం మీద సుంకం వేయకూడదంది. తరవాత దేశాల మధ్య కుదిరిన వందల ద్వైపాక్షిక ఒప్పందాలు ఆ మినహాయింపును ఇంకా విస్తరించాయి. ఆటోలో పోసే చమురుకు పన్ను ఉంది. ఖండాలు దాటే విమానంలో పోసే ఇంధనానికి దాదాపు లేదు.

1997లో క్యోటోలో దేశాలు ఉద్గారాల లక్ష్యాలు రాసుకున్నప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. హైదరాబాద్‌లో లేచి సముద్రం మీద ఎగిరి దుబాయ్‌లో దిగిన విమానం పొగ ఎవరి ఖాతాలో వేయాలి? తేలలేదు. ఆ పనిని ఐకావోకు అప్పగించి చేతులు దులుపుకున్నారు. అంతర్జాతీయ విమానాల పొగ ఆనాటి నుంచి దాదాపు ఏ దేశం లక్ష్యంలోనూ లేకుండా తిరుగుతోంది.

ఐకావో పదిహేనేళ్ళు నాన్చింది. విసిగిన యూరపు 2012 నుంచి తన గడ్డ మీద దిగే, లేచే ప్రతి విమానం తన కార్బన్ మార్కెట్‌లో అనుమతులు కొనాల్సిందేనంది. అమెరికా, చైనా, రష్యాలతో పాటు మన దేశం కూడా ససేమిరా అంది. 2011 సెప్టెంబరులో ఢిల్లీలోనే అలాంటి దేశాలన్నీ కూడి ఉమ్మడి ప్రకటన చేశాయి. మన అభ్యంతరంలో న్యాయం ఉంది. రెండు వందల ఏళ్ళు బొగ్గు కాల్చి గడించినవాళ్ళు, నిన్న గాక మొన్న విమానం ఎక్కినవాళ్ళ దగ్గర, వాళ్ళ సొంత ఆకాశంలో ఎగిరిన దూరానికి కూడా లెక్క కట్టి సుంకం అడిగితే ఎవరు ఒప్పుకుంటారు? యూరపు తగ్గింది. తన సరిహద్దుల్లోపలి విమానాలకే నియమాన్ని పరిమితం చేసుకుంది.

ఆ పోరుకు రాజీగా పుట్టిందే కోర్సియా. 2016 అక్టోబరులో మాంట్రియల్‌లో ఐకావో మహాసభ దీన్ని ఆమోదించింది. సారాంశం ఇదీ: అంతర్జాతీయ విమానాల పొగ ఒక గీత వరకు పోవచ్చు, గీత దాటిన పొగకు కంపెనీలు బయటి నుంచి కార్బన్ క్రెడిట్లు కొని సరిపెట్టాలి. 2021 నుంచి 2026 దాకా ఇష్టమున్న దేశాలే చేరవచ్చు. 2027 నుంచి 2035 దాకా, చిన్న ద్వీప దేశాలు, బాగా వెనకబడిన దేశాల వంటి మినహాయింపులు పోను అందరికీ తప్పనిసరి. భారతదేశం 2027 నుంచే.

ఆ గీత ఎక్కడ గీశారన్నదే అసలు కథ. మొదట 2019, 2020 సంవత్సరాల సగటు అనుకున్నారు. 2020లో కోవిడ్ వచ్చి విమానాలు నేల మీదే నిలిచిపోయాయి, సగటు పడిపోయేలా కనిపించింది. గీత కిందికి దిగితే కంపెనీలకు భారం. అందుకని 2020ని తీసేసి తొలి మూడేళ్ళకు 2019 ఒక్కటే ఉంచారు. ఫలితంగా 2021, 2022, 2023 మూడేళ్ళలో పొగ గీతను దాటలేదు, ఎవరూ ఒక్క క్రెడిట్టూ కొనక్కర్లేకపోయింది. 2022లో మళ్ళీ కూర్చుని, 2024 నుంచి గీతను 2019 స్థాయిలో 85 శాతం దగ్గర పెట్టారు.

ఇప్పుడు మన తాతగారి టికెట్టు మళ్ళీ తీయండి. కోర్సియా వర్తించాలంటే ప్రయాణానికి రెండు కొసల్లోని దేశాలూ పథకంలో ఉండాలి. హైదరాబాద్, దుబాయ్ ముక్కకు మనం 2026 దాకా బయటే కనుక క్రెడిట్టు బాధ్యత లేదు. దుబాయ్, చికాగో ముక్కకు రెండు కొసలూ లోపలే ఉన్నాయి. 2024 సంవత్సరానికి కంపెనీలు కట్టవలసిన వాటా సుమారు 15 శాతం. అంటే ఆ ముక్కలో తలకి పడిన 900 కిలోల్లో 135 కిలోలకు క్రెడిట్టు కొంటే చాలు. టన్ను ఇరవై డాలర్లనుకుంటే మూడు డాలర్ల లోపు. మిగిలిన 765 కిలోలు ఉచితం. తెల్ల చారల వేడి అసలు లెక్కలోనే లేదు. ఇంత ఏర్పాటూ ఆ మూడు డాలర్ల కోసమే.

జమ వైపు ఏముంది

సరే, చిన్నదైనా ఆ మూడు డాలర్లతో కొన్న క్రెడిట్టు గట్టిదేనా? గత ఇరవై ఏళ్ళ అనుభవం ఏం చెబుతోంది?

క్యోటో ఒప్పందం కింద స్వచ్ఛ అభివృద్ధి యంత్రాంగం, మన వాళ్ళు సీడీఎం అనే పథకం నడిచింది. పేద దేశాల్లో పొగ తగ్గించే ప్రాజెక్టుకు క్రెడిట్టు ఇచ్చి, దాన్ని ధనిక దేశాలకు అమ్ముకోనిచ్చేవారు. ఎక్కువ ప్రాజెక్టులు చైనాకు, ఆ తరవాత మన దేశానికి వచ్చాయి. షరతు ఒక్కటే: క్రెడిట్టు సొమ్ము లేకపోతే ఆ ప్రాజెక్టు వచ్చేది కాదని చూపించాలి. జరగని దాన్ని ఎలా చూపిస్తారు? కన్సల్టెంట్లు రాసిన కాగితాలతో.

అనంతపురం గుట్టల మీద తిరిగే గాలిమరలు చూసినవాళ్ళకు పవన విద్యుత్తు మంచిదని వేరే చెప్పక్కర్లేదు. ప్రశ్న అది కాదు. రఫాయెల్ కలెల్, ఆయన సహచరులు భారతదేశంలోని 1,350 పవన విద్యుత్ కేంద్రాలను పరిశీలించారు. సీడీఎం క్రెడిట్లు దక్కిన వాటిని, అంతకంటే తక్కువ లాభసాటిగా ఉండి కూడా క్రెడిట్ల సాయం లేకుండానే వెలసిన వాటితో పోల్చారు. ఇచ్చిన క్రెడిట్లలో కనీసం 52 శాతం, ఎలాగూ కట్టబోయే కేంద్రాలకే పోయాయని తేల్చారు. గాలిమర నిజం, కరెంటు నిజం, క్రెడిట్టు మాత్రం ఉత్తిది. ఆ ఉత్తి క్రెడిట్టును చూపించి యూరపులో ఒక కర్మాగారం నిజమైన బొగ్గు కాల్చుకుంది. కాబట్టి మొత్తం మీద పొగ తగ్గకపోగా పెరిగింది. 2016లో జర్మనీలోని ఓకో ఇన్‌స్టిట్యూట్ మొత్తం సీడీఎంను బేరీజు వేసి, 85 శాతం ప్రాజెక్టుల విషయంలో తగ్గింపు నిజమై ఉండే అవకాశం తక్కువేనంది.

ఇంకొక ఉదాహరణ మరీ విడ్డూరం. ఏసీల్లో, ఫ్రిజ్‌ల్లో వాడే ఒక వాయువు తయారీలో హెచ్‌ఎఫ్‌సీ-23 అనే వ్యర్థ వాయువు పుడుతుంది. కార్బన్ డయాక్సైడ్‌తో పోలిస్తే అది వేల రెట్లు వేడి పుట్టిస్తుంది. నాటి లెక్కలో 11,700 రెట్లు. టన్ను హెచ్‌ఎఫ్‌సీ-23ను కాల్చేస్తే 11,700 క్రెడిట్లు. చైనా, భారత్‌లలోని కొన్ని కర్మాగారాలకు అసలు సరుకు కంటే వ్యర్థాన్ని కాల్చటమే లాభసాటి అయింది. చెత్త కాల్చి గడించటం కోసం చెత్త పుట్టించే పరిస్థితి వచ్చిందని విమర్శ రేగింది. 2013 మే నుంచి యూరపు ఆ క్రెడిట్లను తన మార్కెట్‌లోకి రానివ్వటం మానేసింది.

తరవాత అడవుల వంతు. అడవి నరికేవాళ్ళం, మానేశాం అని చెప్పి అమ్మే క్రెడిట్లకు విమాన కంపెనీలు పెద్ద కొనుగోలుదారులయ్యాయి. 2023లో సైన్స్ పత్రికలో థేల్స్ వెస్ట్ బృందం ఆరు దేశాల్లోని 26 ప్రాజెక్టులను పరిశీలించింది. వాటి నుంచి రాగల క్రెడిట్లలో ఆరు శాతమే నిజమైన అదనపు తగ్గింపుతో ముడిపడి ఉన్నాయంది. కారణం మోసమే కానక్కర్లేదు. ఎంత అడవి నరుకుతారన్న ఊహను ఎంత పెద్దదిగా గీస్తే క్రెడిట్టు అంత ఎక్కువ. గీసేవాడికి, అమ్మేవాడికి, కొనేవాడికి, తనిఖీ రుసుము పుచ్చుకునేవాడికి అందరికీ పెద్ద ఊహే లాభం. ఆ బేరంలో వాతావరణం తరఫున కూర్చున్నవాడు ఒక్కడూ లేడు.

అయితే మన ముందు తరం లెక్కగాళ్ళు అడవి లెక్కలోని చిక్కులు ఎరగనివాళ్ళు కారు. 2003 డిసెంబరులో మిలాన్‌లో సీడీఎం అడవుల నియమాలు రాసినప్పుడు, చెట్టు ఇవాళ ఉండి రేపు కాలిపోవచ్చు కనుక చెట్టు క్రెడిట్టును తాత్కాలికమన్నారు. గడువు తీరగానే కొన్నవాడు ఇంకో క్రెడిట్టు తెచ్చి ఆ స్థానంలో పెట్టాలి. ఖమ్మం జిల్లాలో ఐటీసీ సామాజిక వనాల పథకం 2009లో సీడీఎంలో నమోదైంది అలాంటి నియమాల కిందే. అది మాస్టారి నియమమే. కొనేవాళ్ళకు అది నచ్చలేదు, యూరపు మార్కెట్టు అడవి క్రెడిట్లను తీసుకోనే లేదు. ఆ జాగ్రత్తను నిలబెట్టుకోవాల్సింది పోయి, తరవాతి తరం చెట్టు క్రెడిట్టును శాశ్వతమైనట్టే అమ్మటం మొదలుపెట్టింది. చెట్లు కాలితే సర్దుకోవటానికి కొంత వాటా నిల్వగా పక్కన పెడుతున్నారు. అది బీమా. పొగ గాలిలో ఉండే కాలానికి సరిపోయే బీమా ఎవరి దగ్గరా లేదు.

గయానా

కోర్సియా 2024 నుంచి నడిచే దశకు పనికొస్తాయని ముద్ర పడిన తొలి క్రెడిట్లు దక్షిణ అమెరికాలోని గయానావి. ఆ దేశంతో మనకు పాత బంధం ఉంది. చెరకు తోటల్లో కూలికి మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వెళ్ళినవాళ్ళలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు.

గయానాలో 85 శాతం పైగా అడవే. నరికింది చాలా తక్కువ. 2024 ఫిబ్రవరిలో 71 లక్షల పైచిలుకు క్రెడిట్లకు కోర్సియా అర్హత దక్కింది. ఒకే ప్రాజెక్టు పరిధిలో కాకుండా దేశం మొత్తానికీ లెక్క కట్టారు. ఇక్కడ కాపాడి పక్క లోయలో నరికే దొంగాటకు అవకాశం తగ్గింది. అమ్మిన తగ్గింపును గయానా తన జాతీయ లెక్కలో వాడుకోకూడదన్న పారిస్ ఒప్పందపు నియమం కూడా వర్తించింది. ఒకే పొదుపును ఇద్దరు రాసుకునే వీలు లేదు. ఇంతవరకు ఇది పాత పద్ధతుల కంటే గట్టి పని.

అయినా మూల ప్రశ్న అలాగే ఉంది. గయానా అడవి ఎప్పుడూ పెద్దగా నరకబడలేదు. నిలబడి ఉన్న అడవికి ప్రతిఫలం ఇవ్వటం న్యాయమే. కాపాడినవాడికి కాక నరికినవాడికే నరకటం మానమని డబ్బిస్తే అంతకంటే అన్యాయం ఏముంటుంది? కానీ నరకబోయేవారే కారనుకుంటే, ఆ అడవి నిలబడటం వల్ల గాలిలో కొత్తగా తగ్గిందేమిటి? దాన్ని చూపించి విమానం కొత్తగా పొగ వదిలితే, మొత్తం పెరిగినట్టే కదా? 2022 డిసెంబరులో గయానా క్రెడిట్లకు కనీసం 75 కోట్ల డాలర్లు ఇస్తామని ఒప్పందం చేసుకున్న హెస్ కంపెనీ, అదే దేశపు సముద్రంలో చమురు తోడే భాగస్వామ్యంలో అప్పట్లో ఒకటి. అడవి క్రెడిట్ల రాబడిలో 15 శాతం ఆదివాసీ గ్రామాలకు కేటాయించారు. తమను సరిగా సంప్రదించలేదని, తమ సమ్మతి తీసుకోలేదని ఒక ఆదివాసీ సంఘం అభ్యంతరం చెప్పింది. పోడు పట్టాల కోసం ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ తిరిగిన మన గూడేలకు ఈ ఫిర్యాదు కొత్తగా వినిపించదు.

ఏమీ లేనికంటే నయం కదా

మీలో కొందరి మనసులో మెదిలే ప్రశ్న నాకు తెలుసు. విమానాన్ని బ్యాటరీతో అట్లాంటిక్ దాటించలేం. వాడేసిన వంటనూనె, పంట వ్యర్థాల వంటి వాటి నుంచి తీసే హరిత ఇంధనం 2024లో ప్రపంచ విమాన ఇంధనంలో 0.3 శాతమే, ధర రెండు మూడు రెట్ల పైనే. అది పెరిగేలోపు క్రెడిట్లయినా కొంటే నయం కదా? పేద దేశాలకు నాలుగు డబ్బులు వస్తాయి కదా?

డబ్బు విషయంలో నేను వాళ్ళతోనే ఉన్నాను. కానీ మాఫీ పత్రం చౌకగా దొరికినంత కాలం అసలు మార్పు ఖరీదైనదిగానే కనిపిస్తుంది. టన్నుకు ఇరవై డాలర్లతో చేతులు కడుక్కోగలిగితే, టన్ను పొగ తగ్గించటానికి కొన్ని వందల డాలర్లు పడే కొత్త ఇంధనాన్ని ఏ కంపెనీ డైరెక్టరు కొంటాడు? చౌక క్రెడిట్టు అసలు మార్పుకు వంతెన అవుతుందంటారు. ఈ ధరలో అది అసలు మార్పును వాయిదా వేసే సాధనంగానే పనిచేస్తోంది.

కంపెనీల్లోనూ కొందరు ఇది గ్రహించారు. 2019లో తమ విమానాలన్నిటి పొగకూ ఆఫ్‌సెట్లు, అంటే ఈ పరిహారపు క్రెడిట్లే, కొంటామన్న ఈజీజెట్ 2022లో ఆ పని మానేసి, ఆ డబ్బు కొత్త విమానాలు, సాంకేతికత వైపు మళ్ళిస్తామంది. 2024 మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్ కోర్టు కూడా విమాన కంపెనీ కేఎల్‌ఎం ప్రకటనలను తప్పుదారి పట్టించేవన్నది. చెట్లు నాటితే విమానం పొగ తగ్గుతుందనిపించే ప్రకటనలూ అందులో ఉన్నాయి. ఆఫ్‌సెట్ల ఆధారంగా సరుకును కార్బన్ రహితమని అమ్మటాన్ని నిషేధిస్తూ యూరపు చేసిన చట్టం 2026 సెప్టెంబరు నుంచి వర్తిస్తుంది.

2027కు ముందు మనం అడగవలసినవి

మొదటిది, రెండు పద్దులు విడదీయాలి. ప్రతి టికెట్టు మీద ఆ ప్రయాణానికి కాలే ఇంధనం ఎన్ని కిలోలో, పొగ ఎన్ని కిలోలో అచ్చు వేయాలి. కరెంటు బిల్లు మీద యూనిట్లు ఉన్నట్టే. కంపెనీ క్రెడిట్టు కొంటే దాన్ని వేరే వరసలో, చెల్లించిన డబ్బుగా రాయాలి. ఆ పై అంకె నుంచి తీసివేయకూడదు.

రెండోది, పొగకు నేరుగా ధర పడాలి. ఏడాదికి ఒకసారి మనవడిని చూడబోయే తాతగారి మీద కాదు, నెలకు నాలుగుసార్లు తిరిగేవాళ్ళ మీద, మూడు సీట్ల చోటు ఆక్రమించే బిజినెస్ తరగతి మీద హెచ్చుగా పడాలి. 2027లో ఒక శాతం, 2028లో రెండు, 2030కి ఐదు శాతం హరిత ఇంధనం కలపాలని కేంద్రం అంతర్జాతీయ విమానాలకు పెట్టుకున్న లక్ష్యానికి ఆ డబ్బు ఊతం కావాలి. ఆ ఇంధనం కూడా హోటళ్ళలో వాడేసిన వంటనూనె, పంట వ్యర్థాల నుంచి రావాలి. కొత్తగా అడవి నరికి వేసిన తోటల నుంచి వస్తే మళ్ళీ మొదటికే వస్తాం.

మూడోది, అమ్మేవాళ్ళ వైపు. విదేశాలకు అమ్మదగిన తగ్గింపులంటూ కేంద్రం 2023 ఫిబ్రవరిలో 13 రకాల పనుల జాబితా ఇచ్చింది. అందులో హరిత విమాన ఇంధనం ఉంది, అడవులు లేవు. తేలిగ్గా తగ్గేదాన్ని అమ్ముకుంటే రేపు మన లక్ష్యానికి కష్టమైనదే మిగులుతుందన్న ముందుచూపు అందులో ఉంది. జాబితా మారే రోజు వస్తే, గూడేలతో చేసే ఒప్పందం తెలుగులోనో గోండిలోనో ఉండాలి. గ్రామసభ సమ్మతి లేకుండా సంతకం పడకూడదు. చివరి కొనుగోలుదారు ఇచ్చిన ధర గ్రామానికి తెలియాలి. చెట్లు ఎండిపోతే నష్టం ఎవరిదో ముందే రాసి ఉండాలి. పదేళ్ళ రాబడిని ఒకేసారి తక్కువకు కొనేయకుండా, ఏటా నిలిచిన చెట్టుకు ఏటా చెల్లించాలి.

చివరగా ఒక మాట. చాలా దేశాలు ఈ బేరంలో ఒక పక్కనే నిలబడతాయి. మనది అలా కాదు. శంషాబాద్ నుంచి, గన్నవరం నుంచి, విశాఖ నుంచి ఎగిరే కొనుగోలుదారులం మనమే. అరకులో, ఆదిలాబాద్‌లో చెట్టు పెంచే అమ్మకందారులమూ మనమే. కొనేటప్పుడు చౌకగా రావాలని, అమ్మేటప్పుడు లెక్క కాస్త ఉబ్బాలని రెండు వైపులా ఆశ పుడుతుంది. ఆ రెండు ఆశలూ కలిస్తే దొంగ తూకం తయారవుతుంది, దాని నష్టం మొదట వచ్చి పడేది ఎండకు, తుపానుకు ఎదురుగా నిలబడే మన రైతు మీదే. కాబట్టి నిక్కచ్చి తూకం కావాలని ఐకావో సమావేశాల్లో అందరికంటే గట్టిగా అడగవలసిన దేశం మనది. 2011లో ఢిల్లీలో కూర్చుని వద్దని చెప్పగలిగినవాళ్ళం, 2027లో ఎలా కావాలో కూడా చెప్పగలగాలి.